‘ఖాళీగా ఉండటం ఎందుకని మిషను కుట్టుకుంటోంది’

“మీ ఆవిడ ఏం చేస్తుంటారండీ?” అని ఎవరడిగినా మా నాన్న ఇరవై ఏళ్లపాటు ఒకటే జవాబు చెప్పారు. “ఇంట్లోనే ఉంటుందండి. ఖాళీగా ఉండటం ఎందుకని మిషను కుట్టుకుంటోంది.” అమ్మను తక్కువ చేయాలని అన్న మాట కాదది. తణుకులో మా వీధి వీధంతా అలాగే మాట్లాడేది. బజార్లో ఒక షట్టర్ అద్దెకు తీసుకుని నాలుగు మిషన్లు వేసుకున్నాయన్ను మాత్రం ‘టైలరు’ అనేవారు, ‘షాపు నడుపుతున్నాడు’ అనేవారు. అమ్మ కుట్టిన జాకెట్టూ ఆయన కుట్టిన జాకెట్టూ ఒకే పెళ్లిలో పక్కపక్క కుర్చీల్లో కనిపించేవి.

తెలుగులో ‘కొను’ అనే చిన్న తోక తగిలితే చాలు, ఏ పనైనా మనకోసం మనం చేసుకునేదైపోతుంది. వండుకోవడం, ఉతుక్కోవడం, తల దువ్వుకోవడం. ఊళ్లోవాళ్ల బట్టల్ని ఊళ్లోవాళ్ల కొలతలతో, డబ్బు తీసుకుని కుట్టే మనిషిని కూడా ‘కుట్టుకుంటోంది’ అంటున్నామంటే, అది వ్యాపారం కాదని ముందే తేల్చేశామన్నమాట. ఇంటి కుట్టుపనిలో కుట్టుకూలి దగ్గర్నుంచి నడుంనొప్పి దాకా కనిపించే ఇబ్బందుల్లో చాలావాటి మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. వీళ్లలో చాలామందికి మిషను ఉంది, పనితనమూ ఉంది. ఎవరూ పిలవని రెండు గంటలే లేవు.

ఆ రెండు గంటలు ఎందుకంత అవసరమో తెలియాలంటే జాకెట్టు ఎలా తయారవుతుందో చూడాలి. చేయి తిరిగిన మనిషికి లైనింగ్ జాకెట్టు ఒకటి మూడు గంటల పని. ఆ మూడు గంటలూ ఒకలాంటివి కావు. లైనింగ్ గుడ్డను తడిపి ఆరేసి ఇస్త్రీ చేయాలి. ఆది జాకెట్టు పరిచి కొలతలు తీయాలి. గుడ్డ మడతపెట్టి సుద్దతో గీసి కత్తెర వేయాలి. చీరతో వచ్చే జాకెట్టు ముక్క దాదాపు 80 సెంటీమీటర్లుంటుంది. మోచేతుల దాకా చేతులు కావాలంటే అదీ బొటాబొటీయే. బోర్డరు చేతికి రావాలా వీపుకు రావాలా, బుటా ఎక్కడ పడాలి అన్నది కత్తెర పట్టకముందే లెక్క తేలాలి. చంక దగ్గర అరంగుళం పోయిందంటే పదివేల పట్టుచీర మీదికి జాకెట్టు లేనట్టే. ఆ ముక్క మళ్లీ దొరకదు. కటింగ్ అంటే అదీ. దాని తర్వాత మిషను మీద పని. ఇది మధ్యలో ఆపినా పాడవదు గానీ, లేచిన ప్రతిసారీ ఏ డాటు వేశామో, ఏ చెయ్యి ఎక్కించామో వెతుక్కోవాలి. ఇక హెమ్మింగ్, హుక్కులు, కాజాలు. సీరియల్ చూస్తూనో, పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటూనో చేసేయొచ్చు.

ఇంట్లోవాళ్ల కంటికి ఈ తేడా ఆనదు. గుడ్డ ముందేసుకుని కూర్చుంది, అంతే. అందుకే కత్తెర చేతిలో ఉన్నప్పుడే గ్యాస్ బండ వస్తుంది, సాక్సులు కనబడవు, పాలు స్టవ్ మీద పెట్టి మరిచారని గుర్తొస్తుంది. మా అమ్మ కటింగ్ అంతా రాత్రి పదిన్నర దాటాకే. అందరం పడుకున్నాక హాల్లో నేల మీద దుప్పటి పరిచి, ముక్కలు ఎగిరిపోతాయని మే నెలలో కూడా ఫ్యాన్ ఆపేసి, మోకాళ్ల మీద వంగి కత్తిరించేది. చిన్నప్పుడు నాకు రాత్రి అంటే కీచురాళ్ల చప్పుడు కాదు, కత్తెర చప్పుడు. తెల్లవారి ఐదుకి మున్సిపాలిటీ నీళ్లొచ్చేవి. అంటే ఆవిడ నిద్ర ఎంతో మీరే లెక్కేసుకోండి.

కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్లు జీతంలేని ఆ పనికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. మగవాళ్లలో ఆ పని చేసేవాళ్లు పెడుతున్నది 88 నిమిషాలు. 2019లో ఇదే సర్వేలో ఆ అంకెలు 299, 97. అటు పది, ఇటు తొమ్మిది నిమిషాలు తగ్గాయి. మధ్యలో మూడు గంటలకు పైగా ఉన్న దూరం మాత్రం అలాగే ఉంది. పైగా ఆ 289 నిమిషాలు ఒక్కచోట ఉండేవి కావు. పొద్దున్నుంచి రాత్రి దాకా రోజంతా చల్లినట్టు ఉంటాయి. కుట్టుపని చేసే మనిషికి దక్కేది వాటి సందుల్లో మిగిలిన ముక్కలు.

ఏడాదిలో ఈ ఇరుకు బాగా బిగుసుకునేది శ్రావణంలో. ఆషాఢంలో ముహూర్తాలుండవు. బట్టల షాపులు తగ్గింపులు పెడతాయి, చీరలన్నీ అప్పుడే కొంటారు. ఆ సంచులన్నీ శ్రావణం మొదట్లో కుట్టే మనిషి గుమ్మంలోకి వస్తాయి. పౌర్ణమికి ముందొచ్చే శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. గురువారం రాత్రికల్లా వీధిలో ప్రతి ఇల్లాలికీ కొత్త జాకెట్టు కావాలి. కుట్టే ఇల్లాలికీ అదే శుక్రవారం వ్రతం ఉంటుంది కదా. ఆవిడా ఇల్లు కడగాలి, కలశం పెట్టాలి, నైవేద్యాలు చేయాలి, ముత్తయిదువలను పిలవాలి. అమ్మ వ్రతం ఫొటోలు నా దగ్గర తొమ్మిది సంవత్సరాలవి ఉన్నాయి. చీర ప్రతిసారీ కొత్తదే. వాటిలో ఏడింటిలో ఒకే ఎర్ర జాకెట్టు. వాయనం పుచ్చుకుంటున్న ఆడవాళ్లందరి ఒంటి మీదా అమ్మ చేతి కుట్టే.

రేటు సంగతి కాస్త వివరంగానే చెప్పాలి. మా ఊళ్లో ఇప్పుడు ఇళ్లలో కుట్టేవాళ్లు మామూలు జాకెట్టుకు 150, లైనింగ్ జాకెట్టుకు 400 అటూ ఇటూగా తీసుకుంటున్నారు. లైనింగ్ గుడ్డ, దారం, హుక్కులు, పైపింగ్ తాడు, కరెంటు కలిపి ఓ 110 పోతాయి. మిగిలిన 290 మూడు గంటల కూలి అనుకుంటే పొరపాటు. కొలతలిచ్చేటప్పుడు కూర్చుని చెప్పే కబుర్లు, “మెడ ఇంకొంచెం దించు” అని రెండోసారి రావడం, ఆల్ట్రేషను కలిపితే నాలుగు గంటలు దాటుతుంది. గంటకు 70 రూపాయలు. ఇంటిపని సందుల్లో రోజుకు రెండు మామూలు జాకెట్లే తెమిలితే వచ్చేది 300, అందులోనే దారం ఖర్చు. 2025-26లో తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. పదిహేనేళ్లు నేర్చిన పనితనానికి వస్తున్నది మట్టి పని కూలి కన్నా తక్కువ.

అయినా బేరం ఆగదు. “అద్దె లేదుగా, ఇంట్లోనేగా కుట్టేది” అంటారు. నిజమే, అద్దె లేదు. కానీ ఆ మిగులు కుట్టే మనిషికి దక్కడం లేదు, కుట్టించుకునేవాళ్లకు తగ్గింపుగా పోతోంది. బొటిక్‌లో మగ్గం వర్క్ జాకెట్టుకు అడిగినంతా ఇచ్చి బయటికొచ్చిన మనిషే, చీరకు ఫాల్, పికో వేసిన పొరుగింటామె దగ్గర ఇరవై రూపాయలకు బేరమాడుతుంది. ఇక చుట్టాల మాట చెప్పనక్కర్లేదు. “మనవాళ్లే కదా” అన్న మాటకు కుట్టుకూలి ఉండదు.

ఇది మా ఒక్క ఇంటి ముచ్చట కాదు. మా జిల్లాలోనే ఉన్న నర్సాపురం క్రోషే లేసుకు పేరు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ పని ఇప్పటికీ చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్ల అరుగుల మీద సాగుతోంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడి ఆడవాళ్ల మధ్య తిరిగి రాసిన అధ్యయనం 1982లో అచ్చయింది. విదేశాలకు ఎగుమతయ్యే సరుకును గంటల తరబడి అల్లుతున్నవాళ్లను కార్మికులు అనకుండా, తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులు అనడం వల్లే వాళ్ల కూలి అంత అడుగున ఉండిపోయిందని ఆమె చూపించారు. నలభై ఏళ్లు దాటాయి. లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ‘ఖాళీ టైములో’ అన్న మాట మాత్రం కదల్లేదు. నాన్న నోట విన్న మాటనే నేను ఆ అధ్యయనం గురించి చదువుతున్నప్పుడు మళ్లీ విన్నాను.

ఇంట్లో కుట్టడం మానేసి అందరూ ఫ్యాక్టరీకి వెళ్లాలని నేను అనడం లేదు. అచ్యుతాపురం బ్రాండిక్స్ అపెరల్ సిటీలో వేలమంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు. షిఫ్టు, నెల జీతం ఉన్న ఉద్యోగం విలువ తక్కువేం కాదు. కానీ ఏడాది బిడ్డ ఉన్న తల్లికి, మంచంపట్టిన మామగారున్న కోడలికి, గడప దాటడానికి ఒప్పుకోని ఇంట్లో ఉన్న పిల్లకు మిషను చేసే మేలు ఇంకేదీ చేయలేదు. అమ్మకు సొంత డబ్బంటూ ఉన్నది దాని వల్లే. మా ఫీజులు, చీటీ వాయిదాలు, ఒకసారి నాన్న ఆసుపత్రి బిల్లు ఆ మిషను సొరుగులోంచే వెళ్లాయి. ఆ పని మీద గౌరవం ఉంది కాబట్టే ఇంత రాస్తున్నాను.

ప్రభుత్వాలకు కుట్టుపని అంటే ముందుగా గుర్తొచ్చేది మిషన్ల పంపిణీ. ఏ పార్టీ వచ్చినా వరసగా పేర్చిన మిషన్ల ముందు ఫొటో తప్పదు. తెలంగాణలో బడి పిల్లల యూనిఫాంల పనిని స్వయం సహాయక సంఘాలకు అప్పజెప్పి, 2024లో జత కుట్టుకూలిని 50 నుంచి 75 రూపాయలకు పెంచడం వీటికన్నా మంచి అడుగు. మిషనుతో పాటు పనీ ఇచ్చారు. 2023 సెప్టెంబరు 17న కేంద్రం మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 చేతివృత్తుల్లో దర్జీ పనీ ఉంది. శిక్షణ రోజుకు 500 భృతి, పనిముట్లకు 15,000, హామీ లేకుండా 5 శాతం వడ్డీకి ముందు లక్ష, తర్వాత 2 లక్షలు. బాగుంది. కానీ కుటుంబానికి ఒక్కరికే అన్నది నిబంధన. కుటుంబమంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. భర్త వడ్రంగో, క్షురకుడో, తాపీమేస్త్రీయో అయిన ఇంట్లో ఆ ఒక్కరు ఎవరవుతారో ఊహించడం కష్టం కాదు. ‘కుట్టుకునే’ ఆవిడ అక్కడా మిగిలిపోతుంది. రెండు వేర్వేరు వృత్తులున్న ఇంట్లో ఇద్దరికీ అవకాశం ఇవ్వడానికి ఈ ఒక్క వాక్యం మారిస్తే చాలు. అలాగే శిక్షణ కేంద్రాల్లో ప్రిన్సెస్ కట్, కటోరి నేర్పినంత శ్రద్ధగా ఒక జాకెట్టుకు ఎన్ని గంటలయ్యాయో రాసుకుని రేటు కట్టడం కూడా నేర్పాలి. మహిళా సంఘాల భవనాల్లో నిలువెత్తు కటింగ్ బల్ల ఒకటి వేసి, అంగన్‌వాడీ నడిచే గంటల్లో తెరిచి ఉంచినా చాలామందికి నేల మీద వంగే బాధ తప్పుతుంది.

ఇంట్లో మారాల్సింది ఎవరూ జీవో ఇచ్చి మార్చలేరు. అందుకే మా వదిన సంగతి చెబుతాను. ఇప్పుడు ఆ ఇంట్లో, అదే కిటికీ దగ్గర, మోటారు మిషను మీద కుడుతోంది ఆవిడ. రెండేళ్ల క్రితం గుమ్మానికి ఒక అట్టముక్క తగిలించింది: ఉదయం 10 నుంచి 1 వరకు కలవరాదు. సగం డబ్బు ముందే ఇవ్వాలి. ఆల్ట్రేషన్లు గురువారమే. వ్రతం జాకెట్లు పదిహేను రోజుల ముందు వరకే తీసుకుంటుంది. అన్నయ్య పొద్దున పిల్లాడి స్నానం, క్యారియర్లు, గిన్నెలు తన మీద వేసుకున్నాడు, పదింటికి ఆవిడ ముందు సింకు నిండుగా ఉండకూడదని. చిన్నప్పుడు నేను అమ్మ పక్కన కూర్చుని హుక్కులు వేస్తుంటే బయట క్రికెట్ ఆడినవాడే. అది వాడికీ గుర్తుంది.

ఒప్పుకోనిది అమ్మే. “మేం కుట్టలేదా? ఇలా బోర్డులు పెట్టుకుని కుట్టామా?” అని చాలా రోజులు మాట్లాడటం తగ్గించేసింది. నాకు కోపమొచ్చింది గానీ, తర్వాత అర్థమైంది. నువ్వు ఇరవై ఏళ్లు పడిన పాటు పడక్కర్లేనిది అని ఆ అట్టముక్క ఆవిడతో అంటోంది. అది తట్టుకోవడం తేలిక కాదు. ఇద్దరు ముగ్గురు పాత గిరాకీలు కూడా పోయారు.

ఒకరోజు అమ్మే “ఒక్క నిమిషం ఇలా రా” అని పిలిస్తే వదిన కటింగ్ మధ్యలో లేచింది. తిరిగొచ్చి, మడత మార్చిన సంగతి మరిచిపోయి, ముందు భాగాలు రెండూ కుడివైపువే కత్తిరించేసింది. మ్యాచింగ్ గుడ్డ కోసం రాజమండ్రి దాకా వెళ్లాల్సొచ్చింది. ఛార్జీలతో 900 రూపాయలు. వదిన ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి అమ్మ ఆ రెండు కుడి ముక్కల్నీ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. తనూ ఒకసారి ఇలాగే చేసిందట, నేను కడుపులో ఉన్నప్పుడు. నాన్నకు చెప్పకుండా ముక్కుపుడక తాకట్టు పెట్టి గుడ్డ కొనిచ్చిందట. మాకెవరికీ ఇన్నేళ్లూ తెలియదు.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు పదకొండు గంటలకు ఎవరో తలుపు తట్టారు. వదిన లేవబోయేలోగా అమ్మే వెళ్లి గొళ్లెం తీసింది. “ఒంటిగంట దాటాక రామ్మా,” అంది. “మా కోడలు కటింగ్‌లో ఉంది.”