ఒంటరిగా బ్యాంకాక్ వెళ్లొద్దంటున్న ఆ మెసేజ్‌కి జవాబు

వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "బ్యాంకాక్‌కి ఒంటరిగా వెళ్లకండి. దిగగానే ట్యాక్సీవాళ్లు దోచేస్తారు. రోడ్డు మీద ఎత్తుకెళ్లి మయన్మార్‌లో అమ్మేస్తారు. శాకాహారులకు తిండి దొరకదు. పరువుగలవాళ్లు చూసేదేమీ అక్కడ లేదు. కాగితాల పని మీవల్ల కాదు. గ్రూప్ ప్యాకేజీలోనే వెళ్లండి." దీన్ని నమ్మి మా పిన్ని కూతురు టికెట్ క్యాన్సిల్ చేసుకోబోయింది. నేను ఆ ఊళ్లో ఒంటరిగా తిరిగినదాన్ని. ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

ముందు ట్యాక్సీ సంగతి. సువర్ణభూమి ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి రావడానికి అసలు ట్యాక్సీయే అక్కర్లేదు. అడుగు అంతస్తులోనే రైలుంది. 2010 నుంచి నడుస్తోంది. ఆఖరి స్టేషన్ ఫయా థాయ్‌కి థాయ్ డబ్బుల్లో 45 బాత్‌లు, అరగంటలో దింపేస్తుంది. అక్కడే ఊళ్లో తిరిగే మెట్రో లాంటి బీటీఎస్ రైలుకి మారొచ్చు. అర్ధరాత్రి దాటాక దిగితే మాత్రం ట్యాక్సీయే గతి. లోపల పలకరించేవాళ్ల వెంట వెళ్లకుండా 1 అని రాసున్న నేల అంతస్తులో మెషీన్ దగ్గర చీటీ తీసుకోండి. మీ బండి ఏ వరుసలో ఉందో దాని మీదే ఉంటుంది. మీటరుకి తోడు 50 బాత్‌ల ఎయిర్‌పోర్టు రుసుము, హైవే ఎక్కితే టోలు మనమే కట్టాలి. ఇవి తెలియకే చాలామంది దోచేశారనుకుంటారు. మీటరు వెయ్యనంటే దిగిపోండి.

ఎత్తుకెళ్తారన్న మాట దగ్గర కాస్త ఆగాలి. మయన్మార్ సరిహద్దులోని మ్యావడీ దగ్గరి సైబర్ మోసాల కేంద్రాల్లో మన తెలుగు పిల్లలు చిక్కుకున్నది నిజం. 2025 మార్చిలో 500 మందికి పైగా భారతీయులను థాయ్‌లాండ్ వైపు సరిహద్దు ఊరు మే సోట్ నుంచి వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చారు. అందులో ఆంధ్ర, తెలంగాణ వాళ్లూ ఉన్నారు. అయితే ఇలా చిక్కుకున్నవాళ్లు ఎక్కువగా బ్యాంకాక్ చూడ్డానికి వెళ్లినవాళ్లు కాదు. థాయ్‌లాండ్‌లో ఐటీ ఉద్యోగం, డేటా ఎంట్రీ అని ఏజెంట్ చెబితే నమ్మి వెళ్లినవాళ్లు. దిగాక ఉద్యోగానికని కారెక్కించి దాదాపు 500 కిలోమీటర్ల దూరంలోని సరిహద్దు దాటించారు. ఆ ఏడాది జనవరిలో వార్తల్లోకెక్కిన చైనా నటుణ్ని కూడా సినిమా అవకాశమనే రప్పించారు. తన టికెట్ తను కొనుక్కుని, తిరిగొచ్చే తేదీ చేతిలో పెట్టుకుని వెళ్లే అమ్మాయిని భయపెట్టి, "ముందు టూరిస్టుగా వచ్చెయ్, వర్క్ పర్మిట్ తర్వాత చూసుకుందాం" అనే ఏజెంట్ గురించి ఒక్క ముక్క చెప్పదు ఈ మెసేజ్. నాకు కోపం తెప్పించింది అదే. ఉద్యోగం ఇప్పిస్తానన్నవాడికి లైసెన్సుందో లేదో విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు. పిల్లల్ని కన్నవాళ్లకి ఫార్వర్డ్ చేయాల్సింది ఈ సంగతి.

టూరిస్టుకి ఎదురయ్యే మోసం వేరే ఉంది. రాజభవనం గోడ పక్కన నీట్‌గా తయారైన ఒకాయన నవ్వుతూ వచ్చి, "ఈరోజు మూసేశారు, ఈ టుక్‌టుక్ ఎక్కితే 20 బాత్‌లకే గుళ్లన్నీ చూపిస్తాడు" అంటాడు. అది వెళ్లి ఆగేది రత్నాల షాపు ముందు, లేదంటే టైలర్ దగ్గర. రాజ కార్యక్రమాలున్న కొద్ది రోజులు తప్ప రాజభవనం రోజూ ఉదయం 8:30 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా లోపలికి రానిస్తుంది. గేటు దాకా నడిచి మీ కళ్లతో చూసుకోండి. ఇబ్బందైతే టూరిస్ట్ పోలీస్ నంబరు 1155.

తిండికి వస్తే, కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ పడే ఊరది, ఒప్పుకుంటాను. అందుకే పసుపు జెండా మీద ఎర్రగా, చూడ్డానికి 17 అంకెలా ఉండే గుర్తు కోసం వెతకండి. ఆ గుర్తున్న తిండి బండి మీద మాంసం, గుడ్డు, చేపల సాస్ ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. మన వంటే కావాలంటే పహురత్ వెళ్లండి, అక్కడ గురుద్వారా చుట్టూ ఇండియన్ హోటళ్లే.

పరువుగలవాళ్లు చూసేదేమీ లేదట! రాజభవనం ఆవరణలో మరకత బుద్ధుడి గుడి చుట్టూ వసారా గోడల మీద 178 ఘట్టాలుగా వాళ్ల రామాయణం, రామకియెన్, చిత్రించి ఉంది. మైరావణుడి కథ మనందరికీ తెలుసు కదా. మన హనుమంతుడు తోకతో కోట కట్టి రాముణ్ని కాపలా కాస్తాడు. అక్కడి గోడ మీద కొండంత ఒళ్లు పెంచి, రాముడి విడిదిని ఏకంగా నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు. మీసాలున్న రాక్షసుల ముఖాలు, బంగారు రేకు మెరుపు... ఆ వసారాలో ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకెళ్లండి, లేకపోతే రానివ్వరు.

ఇక ప్యాకేజీ. పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లకు అది సుఖమే, కాదనను. కానీ చాలా ప్యాకేజీల్లో షాపింగ్ అని బస్సు ఆపేది కూడా రత్నాల షోరూముల దగ్గరే. ఒంటరిగా వెళ్తే ఆ పూట మీది. వాట్ ఫో గుడిలో 46 మీటర్ల శయన బుద్ధుణ్ని చూసి, థా తియెన్ రేవులో పడవెక్కి నది అవతలి ఒడ్డున వాట్ అరుణ్ గుడి దగ్గర దిగొచ్చు. కాగితాల పనికీ ఏజెంట్ అక్కర్లేదు. వీసా నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు థాయ్ ఎంబసీ సైట్‌లో చూసుకోండి. 2025 మే 1 నుంచి తప్పనిసరైన డిజిటల్ అరైవల్ కార్డు, టీడీఏసీ, దిగడానికి ముందు మూడు రోజుల్లో ఫోన్‌లోనే నింపొచ్చు. అది పూర్తిగా ఉచితం. దానికి డబ్బులడిగే సైట్ కనబడితే వెంటనే మూసేయండి.