శిబిరానికి కావలసినవి: బ్యానరు, శాలువా, చిటికెడు సైన్సు

మైనారిటీ విద్యార్థులకు వేసవి సెలవుల్లో ప్రజారోగ్య రంగాన్ని పరిచయం చెయ్యాలంటే ముందుగా కావలసింది ఫంక్షన్ హాలు. పాతబస్తీలో వాటికేం కొదవ? పెళ్లి లేని మూడు రోజులు చూసుకుంటే అద్దె కలిసొస్తుంది.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో, ఇంగ్లీషులో ఉండాలి. ఉర్దూ మీడియం పిల్లలు సగం మంది అక్కడే ఆగిపోతారు. మిగిలినవాళ్లను ఆదాయ ధ్రువపత్రం కోసం మీసేవకు తోలితే, అది చేతికొచ్చేలోపు గడువు దాటుతుంది. ఎంపిక కమిటీకి శ్రమ తప్పుతుంది.

ప్రారంభోపన్యాసంలో రోనాల్డ్ రాస్ తప్పనిసరి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో ఆయన దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన కథ నలభై నిమిషాలు సాగాలి. అంతసేపూ ముఖ్య అతిథి వెనక కూలర్ గరగరమంటూ తిరుగుతుంటుంది. తొట్టిలో నీళ్లు పది రోజుల నాటివి. టార్చి కొడితే, పొట్టి గొట్టాన్ని నీటి పైకి ఆనించి తలకిందులుగా వేలాడే పురుగులు కనబడతాయి. అవి డెంగీ మోసే ఏడిస్ దోమ పిల్లలు. రాస్ గారి మలేరియా దోమ అనాఫిలిస్ పురుగుకు ఆ గొట్టం ఉండదు, నీటి మీద అడ్డంగా పడుకుంటుంది. ఈ తేడా చూపించడానికి తెల్ల గిన్నె, గరిటె చాలు. వంద ఇళ్లు తిరిగి ఎన్నింట పురుగు దొరికిందో చూస్తే హౌస్ ఇండెక్స్ వచ్చేస్తుంది, బళ్లో నేర్చిన శాతాల లెక్కే. అందుకే ఇవి పెట్టుకోకూడదు. ఖర్చు లేని పనికి బిల్లు ఎలా పెడతాం?

ప్రయోగం ఒకటైనా లేకపోతే బాగుండదు కాబట్టి నల్లా నీళ్లలో క్లోరిన్ చూడాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలని ప్రమాణం. నల్లా దగ్గర, పట్టిన వెంటనే చెయ్యాల్సిన పరీక్ష ఇది. మనం మాత్రం ఇంటి నుంచి సీసాలో తెమ్మనాలి. ఎండలో, ఆటోలో రెండు గంటలు ఊగిన నీళ్లలో క్లోరిన్ ఎక్కడ నిలుస్తుంది? క్లోరిన్ ఉంటే నీళ్లను గులాబీ చేసే పరీక్ష మాత్ర వేసినా రంగు రాదు. "మీ బస్తీ నీళ్లు బాగాలేవు" అని గంభీరంగా తేల్చెయ్యాలి. "సర్, నల్లా కాడనే చేస్తే?" అని ఏ అమ్మాయైనా అడిగితే, మంచి ప్రశ్న అని చప్పట్లు కొట్టించి కూర్చోబెట్టాలి.

ఉద్యోగాల గురించి పావుగంట చాలు: నీట్ రాయండి, డాక్టర్ అవండి. రోగాలు ఎలా పాకుతాయో చూసే ఎపిడెమియాలజిస్టు, పురుగులను చదివే ఎంటమాలజిస్టు లాంటి మాటలు సర్టిఫికెట్‌లో పట్టవు. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉందని, బస్సెక్కితే చేరొచ్చని తెలిస్తే శాలువాల కార్యక్రమానికి ఎవరుంటారు?

నీళ్లను పరీక్షించే హెచ్‌టూఎస్ సీసాలు మూడో రోజు మధ్యాహ్నమే తీయాలి. గీత దాకా నీళ్లు పోసి మూత బిగిస్తే, మలం కలిసిన నీళ్లయితే 24 నుంచి 48 గంటల్లో నల్లబడతాయి. మే నెల హైదరాబాద్‌లో ఇంక్యుబేటర్ కూడా అక్కర్లేదు. సాయంత్రం సర్టిఫికెట్లు, గ్రూప్ ఫొటో, హాలుకు తాళం. సీసాలు కిటికీ గూట్లో ఉండిపోతాయి. ఎల్లుండి ఊడవడానికొచ్చిన ఆమెకు వాటిలో ఐదు నల్లగా కనబడతాయి. ఎవరో తాగి వదిలేసిన థమ్సప్ అనుకుని మోరీలో పారబోస్తుంది.