సవరణ: అరిస్టాటిల్ యూరప్‌కి ఒక్క దారిలోనే రాలేదు

మధ్యయుగపు యూనివర్సిటీల గురించి మొన్న పెట్టిన పోస్టులో "అరిస్టాటిల్ పుస్తకాలు అరబ్బీ నుంచే యూరప్‌కి చేరాయి" అని ఉంది. దాన్ని "అరబ్బీ నుంచీ, నేరుగా గ్రీకు నుంచీ కూడా" అని చదువుకోండి.

తర్కం మీద రాసినవాటిలో కొన్నిటిని 6వ శతాబ్దంలోనే రోమన్ పండితుడు బొయీథియస్ లాటిన్‌లోకి తెచ్చాడు. 12వ శతాబ్దంలో వెనిస్ జేమ్స్ గ్రీకు నుంచి అనువదించాడు. అదే శతాబ్దంలో క్రెమోనా జెరార్డ్, టాలెమీ ఖగోళ గ్రంథం కోసమని స్పెయిన్‌లోని టొలేడోకి వెళ్లి, అరబ్బీ నేర్చుకుని, అక్కడే ఉండిపోయి 1187లో చనిపోయేలోపు 70కి పైగా గ్రంథాలు లాటిన్‌లోకి తెచ్చాడు. ఎంత పనండీ అది! తర్వాతి శతాబ్దంలో మోయర్బెకె విలియం మళ్లీ గ్రీకు ప్రతులే ముందు పెట్టుకుని పాత అనువాదాలు సరిదిద్దాడు, కొత్తవి చేశాడు.

అంతమాత్రాన అరబ్బీ పండితుల గొప్పతనం తగ్గిపోదు. వాళ్లలో అరిస్టాటిల్ మీద వ్యాఖ్యానాలు రాసిన ఇబ్న్ రుష్ద్‌ని లాటిన్ పండితులు "వ్యాఖ్యాత" అంటే చాలు, పేరు చెప్పక్కర్లేదు. ఇంకొకటి, పారిస్‌లో అరిస్టాటిల్‌ని బోధించకూడదని 1210లో నిషేధం వచ్చింది ఆయన ప్రకృతి శాస్త్ర గ్రంథాల మీదే, తర్కం మీద కాదు. 1255కల్లా ఆ నిషేధించిన పుస్తకాలే అక్కడ సిలబస్‌లో ఉన్నాయి.