సీనియర్ డేకి ఎవరొస్తారు?

జనవరిలో ఇక్కడ ఒమాహాలో జరిగిన మన తెలుగువాళ్ళ సంక్రాంతి సంబరాలకు వచ్చినవాళ్ళందరికీ పిల్లల సన్మానం గుర్తుండే ఉంటుంది. చిన్నపిల్లలకు భోగిపళ్ళు పోసి, ముగ్గుల పోటీ బహుమతులు ఇచ్చేశాక, భోజనాలకు ముందు గంటసేపు జరిగింది. ఇరవై ముగ్గురు పిల్లలు వరసగా స్టేజీ ఎక్కారు. ఒక్కొక్కరికీ శాలువా, జ్ఞాపిక, అమ్మానాన్నలతో ఫోటో. ఆ గంటసేపూ ఇరవై నాలుగో పిల్లవాడు వెనకాల వంటగదిలో గ్లవుజులు వేసుకుని పులిహోర ట్రేల మీద ఫాయిల్ తీసి బల్లల మీద సర్దుతున్నాడు.

వాళ్ళమ్మ నవంబరులోనే సన్మానానికి ఫారం పంపింది. అబ్బాయి అయోవాలో ఒక చిన్న కాలేజీలో అకౌంటింగ్ చదువుతున్నాడు, ఇది నాలుగో ఏడు. ఆ కాలేజీ బేస్‌బాల్ జట్టులో క్యాచర్, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు. ఎంపిక కమిటీలో మేం ఐదుగురం. జూమ్‌లో ఆ ఫారం వంతు వచ్చేసరికి ఒకరు అడిగారు, "టీమ్ ఏమైనా గెలిచిందా?" అని. ఫారంలో ఆవిడ ఉన్నది ఉన్నట్టు రాసింది. కిందటి సీజన్‌లో గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువ. "అయితే స్టేజీ మీద ఏమని చదువుతాం?" అన్నారు ఇంకొకరు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తరవాతి ఫారం స్పెల్లింగ్ బీది.

నేను మ్యూట్‌లో ఉన్నాను. ఒక్క మాట అనగలిగేవాణ్ణి, అనలేదు. ఆ రోజు అనాల్సింది ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

సంబరాల రోజు భోజనాల వరసలో నా ముందున్న పెద్దాయన ఆ అబ్బాయిని పలకరించారు. మంచి మనిషి, ప్రేమగానే అడిగారు. "ఏం చదువుతున్నావు బాబూ? ఆడతావా? అది సరే, తరవాత ఏం చేస్తావు?" అబ్బాయి నవ్వి, "అకౌంటింగ్ అంకుల్, సీపీఏ రాస్తాను" అని ఇంకో గరిటె పులిహోర వేశాడు. 'అది సరే' అన్న ఆ చిన్న మాటలో నాలుగేళ్ళ ఆట కొట్టుకుపోయింది. నాకు ముద్ద దిగలేదు.

ఆ నాలుగేళ్ళలో ఏముందో మనలో చాలామందికి తెలియదు. వాడిది కాలేజీ ఆటల్లో మూడో అంచె, డివిజన్ త్రీ కాలేజీ. అక్కడ ఆటకు స్కాలర్‌షిప్ ఒక్క డాలరు కూడా ఇవ్వరు, నిబంధనే అది. సీజన్‌లో 40 దాకా ఆటలుంటాయి. అయోవాలో జనవరి, ఫిబ్రవరి అంటే ఎలా ఉంటుందో తెలుసు కదా, మైదానం మంచు కింద ఉంటుంది. కాబట్టి జిమ్‌లో వలలు కట్టుకుని సాధన చేస్తారు. మార్చి సెలవుల్లో తోటి పిల్లలు ఇళ్ళకు పోతే వీళ్ళు బస్సెక్కి ఎండ ఉన్న దక్షిణాదికి పోయి ఆడతారు. ఏప్రిల్‌లో శనివారం వస్తే ఒకే రోజు రెండాటలు. తిరుగు బస్సులో ఫోన్ లైటు వేసుకుని హోంవర్క్. మనవాడు జట్టులో రెండో క్యాచర్. అంటే చాలా రోజులు వాడికి బ్యాటింగే రాదు. పక్కన బుల్‌పెన్‌లో, అంటే బంతి విసిరే పిచ్చర్లు సాధన చేసుకునే చోట, మోకాళ్ళు మడిచి కూర్చుని, ఆడబోయే పిచ్చర్ల చేతులు వేడెక్కేదాకా వాళ్ళ బంతులు పట్టి తిరిగి విసురుతూ ఉంటాడు. స్కోరుబోర్డు మీద వాడి పేరు పడదు. అయినా నాలుగేళ్ళూ మానలేదు.

మనం ఈ ఊళ్ళో ఉంటూ ఈ ఆటను ఇంత దూరం పెట్టడం నాకు కష్టంగా ఉంటుంది. జూన్ వస్తే ఒమాహా ఎలా మారిపోతుందో మీకు చెప్పక్కర్లేదు. 1950 నుంచీ కాలేజీ బేస్‌బాల్ ఛాంపియన్‌ని తేల్చే కాలేజీ వరల్డ్ సిరీస్ మన ఊళ్ళోనే జరుగుతోంది. దేశంలో ఈ ఆట ఆడే కాలేజీ పిల్లలకు 'ఒమాహా వెళ్ళడం' అంటే మనవాళ్ళకి కాశీ వెళ్ళినంత. మనకేమో ఆ రెండు వారాలూ డౌన్‌టౌన్‌లో పార్కింగ్ దొరకని రోజులు. నేనూ అలాగే ఉండేవాణ్ణి, 2008 దాకా.

ఆ ఏడు అమ్మా నాన్నా మొదటిసారి వచ్చారు. నాన్న తెనాలిలో సహకార బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. వచ్చిన మూడు వారాలకే ఆయనకు ఇంట్లో తోచడం మానేసింది. పొద్దున్నే సందు చివరిదాకా నడిచి, మాట్లాడే మనిషి కనపడక వెనక్కి వచ్చేవారు. అప్పుడు మా ఆఫీసులో ఒకాయన తను వెళ్ళడం కుదరక రెండు టికెట్లు నా చేతిలో పెట్టాడు. జూన్ 25, బుధవారం, కాలేజీ వరల్డ్ సిరీస్ మూడాటల ఫైనల్‌లో ఆఖరిది. నాన్నకు రేడియోలో క్రికెట్ కామెంటరీ వినడం అలవాటు కాబట్టి ఏదో కాలక్షేపం అవుతుందని తీసుకెళ్ళాను.

పాత రోజెన్‌బ్లాట్ స్టేడియం చూసినవాళ్ళు మనలో ఇంకా కొందరున్నారు. జూ పక్కన గుట్ట మీద ఉండేది. పదమూడో వీధిలో ఇళ్ళవాళ్ళు తమ గడ్డిలో కార్లు పెట్టుకోనిచ్చి డబ్బులు తీసుకునేవారు. నాన్నకు అది తెగ నచ్చింది, తిరనాళ్ళలో ఉన్నట్టుందన్నారు. మాకు కుడివైపు చివర, బెంచీల మీద చోటు దొరికింది. ఆడుతున్నవి జార్జియా, కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఫ్రెస్నో స్టేట్.

పక్కన కూర్చున్న ముసలాయన ఎర్ర టోపీ పెట్టుకున్నాడు, ఫ్రెస్నో నుంచే వచ్చాడట. ఆయన చెప్పిందంతా నేను నాన్నకు తెలుగులో చెప్పాను. ఈ జట్టు అసలు ఇక్కడిదాకా రావాల్సింది కాదు. తమ కాన్ఫరెన్స్, అంటే తాము ఆడే కాలేజీల లీగు, టోర్నమెంటు గెలిచారు కాబట్టి జాతీయ పోటీకి వచ్చే 64 జట్లలో చోటు దొరికింది, అదీ నాలుగో సీడుగా. అంటే తమ నాలుగు జట్ల గుంపులో అందరికంటే కింద. జట్టులో అందరికంటే మంచి పిచ్చర్ భుజం దెబ్బతిని ఆటకు దూరమయ్యాడు. అయినా అరిజోనా స్టేట్‌ని, రైస్‌ని, నార్త్ కరోలినాని దాటుకుని వచ్చారు. ఫైనల్ మొదటి ఆట 7-6తో ఓడిపోయారు. రెండోదాంట్లో 5-0 వెనకబడి కూడా 19-10తో గెలిచారు.

"మొత్తం ఎన్ని ఓడిపోయారు ఈ ఏడు?" అని అడగమన్నారు నాన్న. ముసలాయన వేళ్ళు చూపించాడు. ముప్పై ఒకటి.

నాన్న నావైపు తిరిగారు. "ముప్పై ఒకటా? ముప్పై ఒకటి ఓడినవాళ్ళని ఫైనల్‌కి ఎలా రానిచ్చార్రా?"

నా దగ్గర జవాబు లేదు. ఇంటర్ ఫలితాల రోజు పేపర్లో నంబరు వెతుక్కున్న ఇల్లు మాది. ఒక్కసారి తప్పితే జీవితమే తప్పినట్టు అనుకునే చోట పెరిగాను. టీవీలో ర్యాంకుల ప్రకటనలు వస్తే, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అని చదువుతుంటే ఇంటిల్లిపాదీ తినడం ఆపి వినేవాళ్ళని మీరూ చూసే ఉంటారు. ఈ ఆటలో పదిసార్లలో మూడుసార్లు సరిగ్గా కొట్టినవాణ్ణి గొప్ప బ్యాటర్ అంటారు. మిగిలిన ఏడుసార్లూ వాడు తల వంచుకుని డగౌట్‌కి, అంటే జట్టు కూర్చునే చోటికి, నడిచి వస్తాడు, మళ్ళీ తన వంతు కోసం కూర్చుంటాడు. ఆ మాట ముసలాయన నాన్నకు చేతులతో, వేళ్ళతో చెప్పాడు.

మా ముందే, కుడివైపు ఫీల్డులో ఉన్న కుర్రాడి పేరు స్టీవ్ డెట్‌వైలర్. వాడి బొటనవేలి లిగమెంటు చిరిగిపోయి ఉంది, ఆపరేషన్ వాయిదా వేసుకుని ఆడుతున్నాడు. ఆ రాత్రి నాలుగుసార్లు బ్యాటింగుకి వచ్చి నాలుగుసార్లూ కొట్టాడు. అందులో రెండు హోమ్ రన్లు, అంటే బంతి కంచె దాటిపోయినవి. ఫ్రెస్నో 6-1తో గెలిచింది, ఆ ఆరు పరుగులూ వాడి బ్యాటు నుంచే వచ్చాయి. జస్టిన్ విల్సన్ అనే పిచ్చర్ చేతికి సరైన విశ్రాంతి లేకుండానే 129 బంతులు వేశాడు. చివరి బంతి గాల్లోకి లేచి మావైపే వచ్చింది. డెట్‌వైలరే పట్టాడు. పిల్లలంతా మధ్యలోకి పరిగెత్తి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. ముసలాయన ఏడుస్తూ నాన్న చేతులు పట్టుకున్నాడు. నాన్నకు ఇంగ్లీషులో ఏమనాలో తెలియక ఆయన వీపు నిమురుతూ నిలబడ్డారు.

ఇంటికి వచ్చేటప్పుడు ఐ-80 హైవే మీద నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఎగ్జిట్ దగ్గరకు వచ్చాక అడిగారు. "ఆ బొటనవేలు దెబ్బ తగిలిన పిల్లాడి నాన్న వచ్చుంటాడంటావా, ఈ ఆటకి?"

"వచ్చే ఉంటాడు నాన్నా" అన్నాను.

ఆయన ఇంకేం అనలేదు. కానీ నాకు తెలుసు ఆయన మనసు ఎక్కడికి వెళ్ళిందో. నేను ఇంటర్ రెండో ఏడు కాలేజీ క్రికెట్ జట్టులో ఉండేవాణ్ణి. తాటిమట్టతో మొదలుపెట్టి అక్కడిదాకా వచ్చాను. గుంటూరులో మ్యాచ్ ఉందని చెప్తే నాన్న అడిగింది ఒక్కటే, "పరీక్షలెప్పుడు?" తరవాతి వారం బ్యాటు అటక మీదికి పోయింది. ఆయన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. గుమాస్తా జీతం, ముగ్గురు పిల్లల ఫీజులు. ఆ బ్యాటు అటకెక్కబట్టే నేను ఈ రోజు ఇక్కడ ఉన్నానని కూడా అనుకోవచ్చు. కానీ నేను ఆ రోజు గుంటూరులో ఆడాను. బస్సుకి డబ్బులు స్నేహితుడు ఇచ్చాడు. పదకొండు పరుగులు చేశాను. ఆ సంగతి నాన్నకు చెప్పింది 2008లో, ఆ రాత్రి, గరాజ్‌లో కారు ఆపాక. "పదకొండా? బాగానే ఆడావు" అన్నారు.

మా కమిటీవాళ్ళ తప్పేమీ లేదని అనేవాళ్ళకి చెప్పుకోవడానికి కారణాలున్నాయి. గంటలో ఎంతమందిని పిలవగలం? చదువులకైతే మార్కుంది, ర్యాంకుంది, గొడవ రాదు. ఇంకా లోతుగా చూస్తే మన భయం ఉత్తి భయం కాదు. గ్రీన్‌కార్డు వరస ఎప్పటికి కదులుతుందో తెలియదు, పిల్లలకు 21 నిండితే తల్లిదండ్రుల వీసా మీద ఉండే వీలు లేదు. డిగ్రీ ఒక్కటే వాళ్ళను ఇక్కడ నిలబెట్టేదని భయపడే అమ్మానాన్నలు మనలో సగంమంది ఉన్నారు. నేనూ అదే భయంతో పదేళ్ళు నిద్రపోలేదు. మన పిల్లలకు స్పెల్లింగ్ బీలాంటి పోటీలు పెట్టే నార్త్ సౌత్ ఫౌండేషన్‌కి శనివారాలు కారు నడిపిన తండ్రుల్లో నేనొకణ్ణి. ఆ పిల్లల కష్టం తక్కువని ఎవరైనా అంటే ఒప్పుకోను.

ఆటలోకి దింపితే స్కాలర్‌షిప్ వస్తుందా అని కూడా అడుగుతారు. పెద్ద డివిజన్‌లోనే చాలా ఏళ్ళపాటు ఒక బేస్‌బాల్ జట్టు మొత్తానికి ఇవ్వగలిగింది 11.7 స్కాలర్‌షిప్‌లు. వాటిని 27 మంది దాకా పంచుకునేవారు. ఇప్పుడు ఆ లెక్క మారిందిలెండి. డబ్బు కోసమే అయితే ఈ ఆటలోకి రాకపోవడమే మేలు. ఇన్నేళ్ళూ ఆడిన పిల్లలు డబ్బు కోసం ఆడలేదు, అది మనం గమనించాలి. 2024లో టెన్నెసీ జట్టు మొదటి సీడుగా వచ్చి కాలేజీ వరల్డ్ సిరీస్ ఛాంపియన్ అయింది. వాళ్ళూ ఆ ఏడు 13 ఆటలు ఓడారు, ఫైనల్ మొదటి ఆటతో సహా. ఓడిన మర్నాడు మళ్ళీ మైదానానికి వెళ్ళడం ఎలాగో మన పిల్లలకు ఎవరు నేర్పుతున్నారు? ఒక్క బీ గ్రేడు వస్తే గది తలుపు వేసుకుని రెండు రోజులు బయటికి రాని పిల్లలు మన ఇళ్ళల్లో ఉన్నారు. ఆ టెన్షన్ ఎంతటిదో వాళ్ళ అమ్మలకు తెలుసు. వంటగదిలో ట్రేలు సర్దిన ఆ అబ్బాయికి ఓటమి గురించి మనందరికంటే ఎక్కువ తెలుసు. వాణ్ణి స్టేజీ ఎక్కించి మైకు ఇచ్చి ఉంటే ఆ ఇరవై ముగ్గురికీ పనికొచ్చే మాట ఒకటి చెప్పేవాడు.

సంబరాలయ్యాక గిన్నెలు కారులో పెట్టడానికి సాయం చేస్తుంటే వాళ్ళమ్మ అంది. "శాలువా కోసం కాదు అన్నయ్యగారూ. మేలో మొదటి శనివారం వాడి సీనియర్ డే. ఆట మొదలయ్యే ముందు ఆఖరి ఏడు పిల్లల్ని ఒక్కొక్కరినీ పేరు పిలిచి, అమ్మానాన్నలతో మైదానంలోకి నడిపిస్తారు. మిగతా పిల్లలకి తాతలు, పిన్నులు, ఊరు ఊరంతా వస్తారు. మావాడికి నాలుగేళ్ళలో మనవాళ్ళు ఒక్కరూ ఒక్క ఆటకీ రాలేదు. వాడు అడగడు. నేనే మనవాళ్ళకి తెలుస్తుందని ఆ ఫారం పంపాను."

ఉగాది తరవాత కొత్త కార్యవర్గం వస్తోంది. వచ్చే సంక్రాంతికి ఫారంలో 'ఏం గెలిచారు' అన్న గడి పక్కన 'ఎన్నేళ్ళు నిలబడ్డారు' అన్న గడి కూడా పెట్టమని వాళ్ళను అడుగుతున్నాను. నాటకం వేసేవాళ్ళు, బ్యాండులో వాయించేవాళ్ళు, ఈతకు తెల్లవారుజామున లేచేవాళ్ళు, అందరూ అందులోకి వస్తారు. కమిటీలో నన్ను ఉంచినా మానినా ఫర్వాలేదు.

అది వచ్చే ఏటి మాట. ఈ మే మొదటి శనివారం పొద్దున తొమ్మిదింటికి గుడి పార్కింగ్ నుంచి బయల్దేరుతున్నాం. రెండు గంటల దారి. నా వ్యానులో ఐదు సీట్లున్నాయి, ఇంకా కార్లు కావాలి. మా ఆవిడ పులిహోర కలుపుతుంది, ఈసారి వాడికి మనం వడ్డిద్దాం. దుప్పట్లు తెచ్చుకోండి, అక్కడ మేలో కూడా గాలి కోసేస్తుంది. వాడు ఆ రోజు ఆడతాడో లేదో తెలియదు. పేరు మాత్రం పిలుస్తారు.