సవరణ: మానకపోతే అభిమానమేనా?

మొన్న హనుమకొండ చౌరస్తా దగ్గరి ఓ బట్టల షాపు గురించి రాస్తూ, పదేళ్లుగా ఎవరూ పని మానలేదంటే ఓనరంటే అంత అభిమానం అన్నాను. తప్పు. అక్కడ పనిచేసే అక్క చదివి నవ్వింది. "అభిమానమా తమ్మీ? కిరాయి, పిల్లల ఫీజులు."

ఉద్యోగుల మనస్తత్వంపై పరిశోధించిన మేయర్, అలెన్ 1991లోనే ఉద్యోగంలో ఉండిపోవడాన్ని మూడుగా విడదీశారు: ఇష్టంతో ఉండటం, పోతే నష్టమని ఉండటం, పోవడం న్యాయం కాదని ఉండటం. నేను రెండోదాన్ని మొదటిదనుకున్నాను.

గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి చేసి మానేటప్పుడు ఓనరిచ్చే సొమ్ము, చేసిన ఒక్కో ఏడాదికి నెల జీతమనీ అందులోనే రాశాను; చట్టం లెక్క కనీసం 15 రోజుల జీతం.

అయితే బతుకమ్మ సీజన్‌లో పొద్దంతా నిలబడేవాళ్లకు ఈసారి కౌంటర్ వెనక నాలుగు స్టూళ్లు వేశారట. "గదొక్కటి మంచిగనిపించింది" అంది అక్క. జీతం మాత్రం పెంచలేదు.