ఆమె నగలతో బేరమా?

విజయవాడ కోర్టుల ఆవరణలోగానీ, గుంటూరు కోర్టు వరండాలోగానీ ఒక పూట కూర్చుంటే పెళ్లి ఆల్బమ్ సంచిలో పెట్టుకొచ్చిన తల్లి ఎవరో ఒకరు కనబడతారు. లాయరు గుమస్తా ముందు ఆల్బమ్ తెరిచి, తలంబ్రాల ఫొటోలో కూతురి మెడ మీద వేలుపెట్టి చూపిస్తుంది. ఈ కాసులపేరు మా అమ్మది, ఈ నల్లపూసలు మేం చేయించినవి, ఈ వంకీలు మేనమామ పెట్టినవి అని ఒక్కొక్కటే చెబుతుంది. బిల్లులున్నాయా అని అడిగితే మాత్రం నోరు పెగలదు. అమ్మమ్మ మెడలోంచి వచ్చిన గొలుసుకి బిల్లెక్కడ ఉంటుంది? అత్తింటి నుంచి కట్టుబట్టలతో వచ్చేసిన కూతురు పక్కనే తల వంచుకుని నిలబడి ఉంటుంది.

ఇలాంటి వ్యవహారం పెద్దమనుషుల్లో పెట్టినప్పుడు అవతలివాళ్లు అనే మాట దాదాపు ఒకటే: 'కేసు వెనక్కి తీసుకోండి, నగలు ఇచ్చేస్తాం.' ఈ మాట విని కూర్చున్నవాళ్లు తలూపుతారు. అదేదో ఔదార్యమైనట్టు, మధ్యేమార్గం దొరికినట్టు! ఆమె వస్తువు ఆమెకివ్వడానికి ఆమె దగ్గరే ప్రతిఫలం అడగడం అన్యాయం. చట్టం దృష్టిలో కూడా ఆ బేరానికి తావు లేదు.

స్త్రీధనం అంటే ఏమిటో చట్టంలో గందరగోళం లేదు. పెళ్లికి ముందు, పెళ్లినాడు, ఆ తరవాత పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు, బంధువులు, స్నేహితులు ఆమెకు ప్రేమగా ఇచ్చిందంతా ఆమెదే. హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ 1956లోనే ఆమెకు సంపూర్ణ యాజమాన్యం ఇచ్చింది. 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కి, భర్త దగ్గరో అత్తమామల దగ్గరో ఆ నగలు ఉంటే అవి దాచిపెట్టమని అప్పజెప్పినట్టే లెక్క, ఇవ్వకపోతే నమ్మకద్రోహం కింద క్రిమినల్ కేసు పెట్టవచ్చు అంది. ఇప్పుడు అది, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 316వ సెక్షన్. నేరం రుజువైతే ఐదేళ్ల దాకా జైలు. కట్నం డబ్బు సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. కట్నం తీసుకోవడమే నేరం. అయినా తీసుకుంటే, ఎవరి చేతిలో పోసినా, పెళ్లికి ముందు తీసుకున్నదైతే పెళ్లయిన మూడు నెలల్లోగా, పెళ్లిలోనో ఆ తరవాతో తీసుకున్నదైతే తీసుకున్న మూడు నెలల్లోగా అమ్మాయికి అప్పగించాలని 1961 నాటి వరకట్న నిషేధ చట్టం 6వ సెక్షన్ చెబుతోంది. మన జిల్లాల్లో ఎంతమంది అత్తమామలకు ఈ సంగతి తెలుసు?

ఈ మధ్య వచ్చిన తీర్పుల్లో తెలంగాణకు చెందిన ఒక కేసు మన ఇళ్లన్నిటికీ వర్తిస్తుంది. విడాకులైన కూతురి నగలు అత్తింటివాళ్లు ఇవ్వలేదని తండ్రి కేసు పెట్టాడు. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ సొత్తు మీద భర్తకు ఎలా హక్కు లేదో తండ్రికీ అలాగే లేదు, అడగాల్సింది ఆమే, లేదా ఆమె అధికారమిస్తేనే మరొకరు అని తేల్చింది. పైగా ఆ దంపతులు విడిపోయేటప్పుడే ఆస్తుల లెక్క తేల్చుకుని ఒప్పందం రాసుకున్నారని గుర్తుచేసింది. తండ్రులకు ఈ తీర్పు కష్టంగానే ఉంటుంది. పొలం అమ్మి చేయించింది ఆయనే మరి. కానీ పంచాయితీలో ఏం జరుగుతుందో చూసినవాళ్లకు ఇందులో న్యాయం తెలుస్తుంది. తండ్రి, మామ, ఇద్దరు మధ్యవర్తులు వరండాలో కూర్చుని మాట్లాడుకుంటారు. అమ్మాయి లోపలి గదిలో ఉంటుంది. చివర్లో కాగితం, పెన్ను పంపిస్తారు. 'నాకు ముట్టవలసినవన్నీ ముట్టాయి' అనే వాక్యం కింద సంతకం పెట్టే ముందు చదవండమ్మా అని మేం ప్రతి ఆడబిడ్డనూ వేడుకుంటున్నాం. ముట్టకుండా పెట్టిన ఆ సంతకమే రేపు కోర్టులో అడ్డం వస్తుంది.

సాక్ష్యం లేదని వెనకాడేవాళ్లకు కేరళ నుంచి వచ్చిన కేసు ధైర్యం చెబుతుంది. భద్రంగా ఉంచుతామని పెళ్లయిన రాత్రే నగలు తీసుకున్నారని ఆ భార్య చెప్పింది. మొత్తం 89 సవర్ల బంగారం (సవరు అంటే ఎనిమిది గ్రాములు). రుజువు లేదని హైకోర్టు కాదన్నా, 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆమెకు 25 లక్షలు ఇప్పించింది. ఇలాంటి సివిల్ వివాదంలో ఏ మాట నిజమయ్యే అవకాశం ఎక్కువో చూస్తే చాలు, సందేహానికి తావులేని రుజువు అక్కర్లేదని చెప్పింది. స్త్రీధనం దంపతుల ఉమ్మడి ఆస్తి కాదని, కష్టకాలంలో భర్త వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిందేనని కూడా స్పష్టం చేసింది. అంటే ఆ తల్లి సంచిలోని ఆల్బమ్‌కు విలువ ఉంది. పెళ్లి వీడియోకు, కొట్టువాడి పాత రసీదుకు, మేనమామ సాక్ష్యానికి విలువ ఉంది.

ఆలస్యమైందన్న భయమూ వద్దు. విడాకులు కాకుండా కోర్టు తీర్పుతో వేరుగా ఉంటున్న భార్య కూడా గృహహింస చట్టం కింద స్త్రీధనం అడగవచ్చని, ఇవ్వకుండా అట్టేపెట్టుకున్నంత కాలం తప్పు కొనసాగుతున్నట్టేనని 2015లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ చట్టం 18వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు బ్యాంకు లాకరు తెరవకుండా ఆపగలరు. 19వ సెక్షన్ కింద నగలే కాదు, ఆమెకు చెందిన ఇతర వస్తువులు, విలువైన పత్రాలు ఇప్పించగలరు. లాకరు ఇద్దరి పేరున ఉంటే మొదటి రోజే చేయాల్సిన పని ఇది. నెల ఆగితే లోపల ఖాళీ డబ్బాలు మిగులుతాయి. లాయరు ఫీజుకు వెనకాడనక్కర్లేదు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును పెడుతుంది. ఫోన్ నంబరు 15100.

పసుపు కుంకుమ కింద ఇచ్చే పొలం గురించి ఒక మాట. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎకరమో అరెకరమో నోటిమాటగా ఇచ్చి, పాస్‌బుక్ నాన్న పేరునే ఉంచేస్తారు. స్థిరాస్తి దానం రిజిస్టరు పత్రంతోనే చెల్లుతుంది. పెళ్లి పందిరికి పెట్టే ఖర్చులో స్టాంపు డ్యూటీ ఎంత? అలాగే, విడిగా ఉంటూ విడాకులు తీసుకోని, పిల్లలు లేని స్త్రీలు వీలునామా రాసుకోవడం మంచిది. లేకపోతే సాధారణంగా పుట్టింటివాళ్లు కానుకగా ఇచ్చింది కూడా భర్తకో, ఆయన వారసులకో పోతుంది.

పెళ్లిలో ఇచ్చిపుచ్చుకున్నవాటికి జాబితా రాసి వధూవరులు సంతకం చేయాలని 1985 నుంచి నిబంధన ఉంది. చదివింపుల పుస్తకంలో రూపాయితో సహా రాసే మనం ఈ జాబితా ఎందుకు రాయం? అపశకునం అంటారు. అమ్మాయి క్షేమం కోరి రాసే కాగితంలో అపశకునం ఏముంది?

పోలీసులకు మా విన్నపం. నగలు ఇవ్వడం లేదని ఒక స్త్రీ స్టేషనుకు వస్తే నెలల తరబడి కౌన్సెలింగ్ వాయిదాలు వేయకండి. కాపురం నిలబడుతుందా లేదా అన్నది వేరే మాట, అది మెల్లగా తేలనివ్వండి. ముందు ఫిర్యాదు రాసుకోండి, చట్టప్రకారం తనిఖీకి వెళ్లి మధ్యవర్తుల సమక్షంలో పంచనామా చేయండి. ఆ బీరువాలో నగల పక్కనే ఆమె డిగ్రీ సర్టిఫికెట్లు కూడా ఉంటాయి. ఏదైనా స్కూల్లో ఉద్యోగానికి వెళ్లాలన్నా అవే కావాలి. వాటిని ఆ రోజే ఆమె చేతిలో పెట్టించే దారి చూడండి.