హ్యాండిల్ మీది దొరవారికి విన్నపం

మహారాజశ్రీ సైకిల్ కంప్యూటర్ దొరవారి సముఖమునకు,

హైదరాబాదు, నల్లగండ్ల వాస్తవ్యుడు, ట్రయాథ్లాన్ పిచ్చి పట్టిన ఒక ఉద్యోగి చేసుకుంటున్న విన్నపం ఏమనగా:

నా సైకిలు హ్యాండిల్ మీద కొలువు తీరి వేగం, దూరం, దారి చూపించిన తమ పూర్వీకులు మొన్నటి వానకు తడిసి స్వర్గస్థులయ్యారు. ఆయన ఏ శాఖవారో చెప్పి పరువు తీయను. గద్దె ఖాళీగా ఉంది. తగినవారిని వెతుకుతూ కొన్ని వారాలుగా నిద్ర మాని తమ వంశవృక్షం చదువుతున్నాను. గార్మిన్ వారి ఎడ్జ్ శాఖలో 540, 840, 1040, 1050 అని దాయాదులు. వాహూ వారింట బోల్ట్, రోమ్. హామర్‌హెడ్ వారింట కరూ. ఇక బ్రైటన్, ఐజీపీఎస్‌పోర్ట్, కోరోస్ అని చుట్టుపక్కల సంస్థానాలు. ఎవరి గొప్ప వారిదే. అడుగుతున్న నజరానా మాత్రం పెద్దది కాబట్టి, ఎవరినైనా గద్దె ఎక్కించేముందు నాలుగు మాటలు చెప్పుకుందామని ఈ లేఖ.

ముందు పని సంగతి. ఐరన్‌మ్యాన్ అని పిలిచే పూర్తి దూరం ట్రయాథ్లాన్ పోటీ అంటే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, ఆపైన 42.2 కిలోమీటర్ల పరుగు. చాలాచోట్ల మొత్తానికి గడువు 17 గంటలు. ఈతకు తమరు రారు, పరుగుకూ రారు. నాబోటివాడికి ఏడు గంటల పైచిలుకు పట్టే సైకిలు భాగంలో మాత్రం తమదే రాజ్యం. ఆ ఏడు గంటల్లో తమరు నాకు చెప్పవలసిన మాట నిజానికి ఒక్కటే: నెమ్మదిగా తొక్కరా నాయనా. తొలి నలభై కిలోమీటర్లలో కాళ్ళు తాజాగా ఉంటాయి, పక్కవాడు దాటిపోతాడు, పౌరుషం పొడుచుకొస్తుంది. ఆ పౌరుషానికి బిల్లు పరుగులో ముప్పయ్యో కిలోమీటరు దగ్గర చేతికొస్తుంది.

ఆ బిల్లు తగ్గించడానికే వాట్ల లెక్క. గంటసేపు ప్రాణం పెట్టి తొక్కగలిగిన శక్తి 200 వాట్లు అనుకుందాం. అలాంటివాడు 180 కిలోమీటర్ల పోటీలో 130కి, 145కి మధ్య అణిగిమణిగి ఉండాలి. పెడలు మీద పడే శక్తిని కొలిచే పవర్ మీటర్ పంపిన అంకెను తమరు ఉన్నదున్నట్టు చూపిస్తే 90, 210, 60, 175 అని గంతులేస్తుంది. మూడు సెకన్ల సగటు కాస్త నయం. ముప్పై సెకన్ల సగటు పెద్దమనిషి. మొత్తం ప్రయాణానికి కట్టే సాదా సగటు మాత్రం నంగనాచి: ఎక్కుడులో 280 వాట్లతో ఎగబడి, దిగుడులో కాళ్ళు ఆపేసి కూర్చున్నా, చివరికి 140 అని ఏమీ ఎరగనట్టు చూపిస్తుంది. అందుకే నార్మలైజ్డ్ పవర్ అనేది పుట్టింది. ముప్పై సెకన్ల సగటులను నాలుగో ఘాతానికి పెంచి, వాటి సగటు తీసి, దానికి నాలుగో మూలం కడతారు. ఎగబడిన ప్రతి నిమిషానికీ వడ్డీ పడుతుంది. తొడ కండరాలు కూడా సరిగ్గా ఆ వడ్డీవ్యాపారి పద్ధతిలోనే వసూలు చేస్తాయి.

కాబట్టి పోటీనాడు నాకు కావలసినవి: ముప్పై సెకన్ల వాట్లు, ల్యాపు (దారిలో ఒక్కో ముక్క) నార్మలైజ్డ్ పవర్, గడిచిన కాలం, వచ్చిన దూరం. తమరేమో ఒక్కో పేజీలో పది గళ్ళు పరుస్తామని చాటింపు వేయిస్తారు. ఎడమ కాలు ఎంత తొక్కింది, కుడి కాలు ఎంత తొక్కింది, సూర్యాస్తమయం ఎప్పుడు, గేరు ఎన్నిసార్లు మార్చాను. పది గళ్ళు పెట్టుకున్నవాడు ఒక్కటీ చదవలేడు. కూర్చుని చదివాడా, ముందున్న గొయ్యిని చూడలేడు.

ఇక తాకితే కదిలే తమ తెర గురించి. ముందుకు చాచి ఉండే ఏరో బార్ కడ్డీల మీద ముంజేతులు ఆనించి వంగితే తమ ముఖం సరిగ్గా నా ముక్కు కిందికి వస్తుంది. ఏప్రిల్‌లో శంకర్‌పల్లి రోడ్డు మీద ఎనిమిది దాటిందంటే, హెల్మెట్ మెత్త నుంచి కారిన చెమట కనుబొమ దాటి, ముక్కు కొసన ఒక క్షణం వేలాడి, తెర మీద పడుతుంది. తమరు దాన్ని వేలనుకుని పేజీ తిప్పుతారు. రెండో బొట్టుకు మ్యాపు తెరుస్తారు. మూడో బొట్టుకు వెలుతురు తగ్గించాలా పెంచాలా అని అడుగుతారు. పోనీ తుడుద్దామని చేతి తొడుగు పెట్టి రుద్దితే, అది నా ఆజ్ఞ అనుకుని ఎన్నడూ చూడని పేజీలన్నీ వరసగా దర్శనం చేయిస్తారు. ఈ విషయంలో 540 గారు నాకు నచ్చారు: ఒంటి నిండా బటన్లే, తాకుడు సంగతే లేదు. 840 గారికి రెండూ ఉన్నాయి, తాకుడును ఆపేసుకునే వీలూ ఉంది. 1040, 1050 గార్ల దగ్గర తెరదే పెత్తనం. కాకపోతే వాళ్ళ తెర మూడున్నర అంగుళాలు, చిన్నవాళ్ళది 2.6 అంగుళాలు. నలభై దాటిన కళ్ళకు ఆ తేడా చిన్నదేమీ కాదు. ట్రయాథ్లాన్‌కు దిగేవారిలో నలభై దాటినవారు ఎంతమందో తమ యజమానులకు బాగా తెలుసు.

బ్యాటరీ గొప్పలు వేరే పురాణం. ఒకరు 15 గంటలంటారు, మరొకరు 26 అంటారు, ఇంకొకరు 35. తమలో సూర్యోపాసకులు కూడా ఉన్నారని, ఎండను తాగి మరికొన్ని గంటలు బతుకుతారని విన్నాను. సంతోషం. మా ఊళ్ళో 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిళ్ళకోసమే 23 కిలోమీటర్ల ట్రాక్ తెరిచారు. నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా మరో ముక్క. దాని పైకప్పు పొడవునా సౌర ఫలకాలే, 16 మెగావాట్ల విద్యుత్తుకు సరిపడా. అంటే తమకు దక్కవలసిన ఎండనంతా పైనే మింగేస్తారు. కింద నేనూ తమరూ నీడలో. అసలు నేను తొక్కేది సూర్యుడు లేవకముందు కదా, ఆ సౌర తెర ఎవరి కోసమో తమరే సెలవివ్వాలి. నా లెక్క ఇది: మ్యాపు, వెలుతురు, రెండు రకాల ఉపగ్రహ సంకేతాలు అన్నీ వాడుకున్నా, రెండేళ్ళు పాతబడ్డాక కూడా, తమరు పది గంటలు నిలబడగలిగితే చాలు. ముప్పై అయిదు గంటలు సైకిలు మీదే ఉండవలసి వస్తే నాకు కావలసింది తమరు కాదు, వైద్యుడు.

ఆ కప్పు కిందా, గచ్చిబౌలిలో ఒకదాని మీద ఒకటి ఎక్కిన ఫ్లైఓవర్ల కిందా ఉపగ్రహాల చూపు తమ మీద సరిగా పడదు. నేను నిలకడగా 30లో పోతుంటే 24 అంటారు, 38 అంటారు. చక్రం హబ్బుకు కట్టుకునే చిన్న స్పీడ్ సెన్సర్ ఒకటి ఉంటే ఈ గోల తీరుతుంది. దాని ధర తమ ధరలో పిసరంత. ఆ ముక్క మాత్రం తమ పెట్టె మీద ఎక్కడా పెద్ద అక్షరాల్లో ఉండదు.

మరో ముచ్చట. తమరు ఎత్తును గాలి ఒత్తిడితో కొలుస్తారు. ఒక్క మిల్లీబారు తగ్గితే ఎనిమిది, తొమ్మిది మీటర్లు పైకి ఎక్కినట్టు లెక్క. జులైలో మబ్బు పట్టిన రోజున నేను బయల్దేరి తిరిగొచ్చేసరికి మా అపార్ట్‌మెంట్ రెండంతస్తులు ఎదిగి ఉంటుంది. ఆ మేరకు ఎక్కుడు నా ఖాతాలో పడుతుంది కాబట్టి నేను ఫిర్యాదు చేయడం లేదు.

ఫిర్యాదు ప్రమాద హెచ్చరిక మీద. సైకిలు ఉన్నట్టుండి కుదుపుకు లోనై ఆగితే, నేను పడిపోయానని తమరే నిర్ణయించి, ఇంట్లోవాళ్ళకు సందేశం పంపుతారు. ఐరోపా దారుల్లో ఇది ప్రాణాలు కాపాడుతుందేమో. కోకాపేటలో రంగు వేయని స్పీడ్ బ్రేకరు ఎక్కి దిగి, ఎదురుగా వచ్చిన గేదెకోసం బ్రేకు వేస్తే చాలు, తమ పూర్వీకులకు అది ఘోర ప్రమాదం. రద్దు చేయమని ముప్పై సెకన్లు కూత పెడతారు, చెమట తెర మీద నా వేలు పనిచేయదు, సందేశం ఖమ్మం చేరుతుంది. ఒకసారి నాన్నగారు తెల్లవారకముందే ఫోను చేశారు.

"ఎక్కడ పడ్డావురా?"

"పడలేదు నాన్నా, స్పీడ్ బ్రేకరు."

"మరి పడ్డావని ఎవరో ఇంగ్లీషులో రాశారే?"

"అది సైకిలు రాసింది నాన్నా."

కాసేపు మాట లేదు. తర్వాత అమ్మకు ఫోను ఇచ్చారు. ఆ సంభాషణ ఇక్కడ రాయను.

వెనుక రాడారు కూడా పెట్టుకోమంటారు. 140 మీటర్ల దూరం నుంచే వెనుక వచ్చే బండ్లను చూపిస్తుందట. గొప్ప ఏర్పాటే. అయితే మా ఊళ్ళో బండి ఎదురుగానే వస్తుంది, మన వైపునే, లైటు లేకుండా, యూటర్న్ దూరమన్న న్యాయమైన కారణంతో. ముందుచూపు రాడారు తమరింకా కనిపెట్టలేదు.

పోటీనాటి తమ మర్యాదలు కూడా చెప్పాలి. సిగ్నల్ దగ్గర ఆగితే తమరు కూడా గడియారం ఆపేసి విశ్రాంతి తీసుకుంటారు. సాధనలో పరవాలేదు. పోటీలో టైరు పంక్చరై రోడ్డు పక్కన కూర్చుంటే నిర్వాహకుల గడియారం ఆగదు, కాబట్టి ఆ ఆటో పాజ్‌ను ముందురోజే ఆపేయాలి. సెన్సర్లను కూడా ఇంట్లోనే జత కలపాలి. ఈత నుంచి సైకిలుకు మారే, వందల సైకిళ్ళు బారులు తీరిన ట్రాన్సిషన్ చోట "కొత్త సెన్సర్లను వెతుకు" అని నొక్కితే తమరు ఊరందరి పవర్ మీటర్లనూ, గుండె సెన్సర్లనూ జాబితా కట్టి నా ముందు పరుస్తారు. పొరపాటున పక్కవాడిది ఎంచుకుంటే వాడి గుండె కొట్టుకోవడం చూసి నేను నెమ్మదించాలి.

తమ గర్వం కాస్త తగ్గుతుందేమోనని ఒక పాత సంగతి మనవి చేస్తాను. ఈ పోటీ మొదటిసారి జరిగింది 1978లో, హవాయిలోని ఓవాహు ద్వీపంలో. పదిహేను మంది బయల్దేరారు, పన్నెండు మంది పూర్తిచేశారు. గెలిచిన గోర్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో ముగించాడు, తమ సాయం ఏమీ లేకుండానే. అయితే న్యాయంగా ఇంకో ముక్క కూడా చెప్పాలి. రెండో స్థానంలో వచ్చిన జాన్ డన్‌బార్‌కు తోడుగా వచ్చినవాళ్ళ దగ్గర నీళ్ళు అయిపోతే బీరు తాగించారట. పావుగంటకోసారి "నీళ్ళు తాగు" అని కూసే తమ అలారం ఒక్కటి మాత్రం నాకు కావాలి. మే నెలలో దానికి మారుమాట్లాడను.

మణికట్టు మీది గడియారం సంగతి అడుగుతారేమో. అది ఈత, సైకిలు, పరుగు మూడూ రాసిపెడుతుంది, నిజానికి పోటీ లెక్కకు అదొక్కటే చాలు. ఏరో బార్ మీద వంగినప్పుడు మణికట్టు తిప్పి చూడటం కుదరదు కాబట్టే తమ అవసరం. ఫోను తగిలించుకుందామంటే పోటీలో అది పట్టుకుని కనిపిస్తే అనర్హత వేటు పడవచ్చు. తమ గార్మిన్ శాఖలో ఎక్స్‌టెండెడ్ డిస్‌ప్లే అని ఒక ఏర్పాటు ఉంది: గడియారం చెప్పిన అంకెలను తమరు పెద్ద అక్షరాల్లో చూపిస్తారు, అంతే. ఇంత ఖరీదైన దొరవారు పోటీనాడు గడియారానికి గుమాస్తా అవుతారన్నమాట. నాకు ఆ ఏర్పాటు తెగ నచ్చింది.

మ్యాపు విషయంలో మాత్రం తమరిదే పైచేయి. పోటీ దారిలో మలుపు మలుపుకూ జెండా పట్టుకున్నవాళ్ళుంటారు, మ్యాపుతో పని లేదు. కానీ ఏడాదంతా తొక్కేది పోటీలో కాదు. చేవెళ్ళ దాటి ఊళ్ళ మధ్యన దారి తప్పినప్పుడూ, అనంతగిరి ఎక్కుతూ ఇంకెంత మిగిలిందో తెలియనప్పుడూ మ్యాపు ఉన్న దొరే కావాలి. ఒక్క పోటీ రోజు కోసం తేలికైనవారిని ఎంచుకుని, మిగతా ఆదివారాలన్నీ మొయినాబాద్‌లో దారి అడుక్కుంటూ తిరగడం నా వల్ల కాదు. సాధనకోసం కొంటాను, పోటీకోసం కత్తిరిస్తాను.

కనుక నా షరతులు. బటన్లుండాలి. మ్యాపుండాలి. ఎండలో అద్దాల వెనక నుంచి కూడా అంకె కనిపించాలి. పోటీనాడు ఒక్క పేజీ, నాలుగు గళ్ళు, నోరు మూసుకుని ఉండాలి, నీళ్ళ అలారం మినహా. అమెరికా వాళ్ళతో అర్ధరాత్రి మీటింగు ముగించుకుని పొద్దున్నే రెండు గంటలు తొక్కితే, "నీ సాధన వ్యర్థం, 61 గంటలు విశ్రాంతి తీసుకో" అని సలహా ఇవ్వకూడదు. ఆ మాట మా మేనేజరుకు చెప్పే ధైర్యముంటే చెప్పండి, నంబరు ఇస్తాను.

ఇట్లు,
తమ కింద పెడలు తొక్కబోయే విధేయుడు

తా.క. 1050 గారిలో సైకిలు గంట మోగించే స్పీకరు కూడా ఉందట. నార్సింగిలో నీళ్ళ ట్యాంకరు ఆ గంట విని పక్కకు జరుగుతుందన్న భ్రమ నాకు లేదు. అయినా ఆయన్ను కొనుగోలు బుట్టలోంచి ఇంకా తీసేయలేదు. రంగులు చూడటానికి మాత్రమే.